లక్నవరం దీవులకు షూటింగులు, పాటల రికార్డింగులు రావాలంటే ముందుగాల ఏం తయారు చేసుకోవాలె?

బుస్సాపూర్ తొవ్వ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలం. లక్నవరం పోయే తొవ్వల ఎనిమిది గదుల లాడ్జి, దాని వెనక రేకుల ఫంక్షన్ హాలు ఉన్నయి. శని, ఆదివారాలు టూరిస్టులతోని నిండుతయి. తక్కిన అయిదు రోజులు ఖాళీ. బోట్లు నడిపే పోరగాళ్లు, వంట చేసే మహిళా సంఘం, రెండు డీసీఎంలు (చిన్న లారీలు) ఉన్నోళ్లు అందరం కూడి మాట్లాడుకున్నం. చెరువుల పదమూడు దీవులు, వేలాడే వంతెన, చుట్టూ అడవి, కొంచెం దూరంల రామప్ప. సినిమా పాటలకు, జానపద వీడియోలకు ఇంతకంటే ఏం కావాలె?

వచ్చేటోళ్లు లేరని కాదు. పొద్దున వస్తరు, వంతెన మీద నాలుగు షాట్లు తీసుకుంటరు, పొద్దుగూకక ముందే బండెక్కుతరు. ఊరికి మిగిలేది చాయ్ పైసలే. రెండు మూడు రాత్రులు ఉండేటట్టు చేయాలంటే ఏం కావాలె? మారిషస్, ఫిజి లాంటి దీవులు ఖర్చుల కొంత వాపసు ఇచ్చి మరీ పిలుస్తయట, అసొంటిది మనకు అయితదా? ఫంక్షన్ హాలు పక్క గదిని రికార్డింగ్ స్టూడియో చేద్దామని ఒకాయన పట్టుబడుతున్నడు. అది పనికొచ్చే ఖర్చేనా? ఈ పని తెలిసినోళ్లు చెప్పుండ్రి.

హన్మకొండ కాల్షీట్

అందం చూసి రెక్కీకి (ముందుగాల జాగ చూసుకునేందుకు) వస్తరు తమ్మీ. లొకేషన్ ఖాయం చేసేది మాత్రం ప్రొడక్షన్ మేనేజర్. ఆయన అడిగేది వేరే ఉంటది: పర్మిషన్ ఏ తారీఖుకు చేతికొస్తది, నలభై మంది ఏడ పడుకుంటరు, జనరేటర్ బండి ఏడిదాక పోతది, వాన పడితే ఆ రోజు ఏం తీయాలె. వీటికి ఫోన్లనే జవాబు చెప్పే మనిషి ఉంటే సగం పని అయినట్టే. నీ దగ్గరికి పొద్దున వచ్చి సాయంత్రం పోతున్నరంటే, ఆ జవాబులు చెప్పేటోడు దొరకలేదని అర్థం.

పర్మిషన్ల సంగతి. లక్నవరం ఒక్క శాఖ చేతిల ఉన్న జాగ కాదు. నీళ్లు, కట్ట, తూములు నీటిపారుదల శాఖ కింద. రిసార్టు, బోట్లు పర్యాటక సంస్థ కింద. చుట్టూ ఉన్నది అటవీ శాఖ జాగ. బందోబస్తుకు, రోడ్డు ఆపాలంటే పోలీసులు. రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా సింగిల్ విండో దరఖాస్తు ఉంటది గాని, ఏ స్పాట్ ఎవరి కిందికి వస్తదో అందుల రాసుకోవాల్సింది యూనిటే. హైదరాబాద్‌ల కూసున్నోనికి అది తెల్వదు. మీరు చేయగలిగే అన్నింటికంటే విలువైన పని ఇదే: ఇరవై స్పాట్లు ఎంచి, ఒక్కొక్కటి ఏ శాఖ జాగల ఉన్నదో, ఏ ఆఫీసుల దరఖాస్తు ఇయ్యాలో ఒక్క కాగితం మీద రాసి పెట్టుండ్రి. ఇంతకుముందు వచ్చిన యూనిట్లకు ఎన్ని రోజులు పట్టిందో అడిగి పక్కన వేయుండ్రి. "వారంల అయితది సార్" అని నోటికొచ్చినట్టు చెప్పొద్దు. ఒక్కసారి తేదీ తప్పితే హీరో కాల్షీట్ పోతది, ఆ మేనేజర్ మళ్ల మీ ఫోన్ ఎత్తడు.

అభయారణ్యం హద్దులోపలికి పోతే లెక్క వేరు. ఏటూరునాగారం, పాకాల రెండూ అభయారణ్యాలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అక్కడ సినిమా తీసేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ ఇయ్యాలె. జంతువుల ఆవాసాన్ని మార్చకుండ, వాటికి ఇబ్బంది కాకుండ తీయాలన్నది షరతు. అంటే కొమ్మలు కొట్టుడు, సెట్టు వేసుడు, పొగ పెట్టుడు, రాత్రి పెద్ద లైట్లు, ఏదీ కుదరదు. రామప్ప 2021 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడం, కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నది. దానికి దరఖాస్తు, లైసెన్సు ఫీజు అన్నీ వేరే. "లక్నవరంతో పాటు రామప్పల ఒక పూట" అని ప్యాకేజీల కలపకుండ్రి. ఆ పర్మిషన్ ఆగితే మొత్తం షెడ్యూల్ ఆగుతది.

ఇంకా మూడు చోట్ల చిన్న యూనిట్లు ఇరుక్కుంటయి.

డ్రోన్: 250 గ్రాములు దాటితే విమానయాన శాఖ డీజీసీఏ దగ్గర యూఐఎన్ (రిజిస్ట్రేషన్ నంబరు) ఉండాలె, పైసలు తీసుకొని ఎగరేసేటోనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలె. గ్రీన్ జోన్‌ల (ముందస్తు అనుమతి అక్కర్లేని ఇలాకల) 400 అడుగుల దాక ఎగరేయొచ్చు గాని, అడవి మీద ఎగరేయాలంటే అటవీ శాఖను అడగాల్సిందే. పెండ్లిళ్లకు ఎగరేసే పోరన్ని తెచ్చి పని కానిద్దామంటే డ్రోన్ జప్తు అయితది.

పిల్లలు: జానపద పాటల్ల చిన్నపిల్లలు లేని వీడియో తక్కువ. కలెక్టర్ అనుమతి కావాలె. రోజుకు 5 గంటలు మించొద్దు, విశ్రాంతి లేకుండ 3 గంటలు దాటొద్దు, వరుసగా 27 రోజులకు మించి పని చేయించొద్దు. అయిదుగురికి ఒక బాధ్యుడు ఉండాలె. పిల్లల సంపాదనల 20 శాతం వాళ్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలె.

జంతువులు: ఎడ్లబండి, మేకల మంద, కోళ్లు ఏది చూపించినా సినిమాకైతే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలె. తీసినంక అడిగితే సెన్సార్ కాడ ఆగిపోతది.

ఇగ కాలం. అక్టోబర్ సగం నుంచి ఫిబ్రవరి దాక మీ సీజన్. చెరువు నిండుగ ఉంటది, గడ్డి పచ్చగ ఉంటది, ఆకాశం కడిగినట్టు ఉంటది. డిసెంబర్ ఆఖరుల పొద్దు దాదాపు 6:35కు పొడుస్తది, 5:40కి కుంకుతది, మంచు పోయేసరికి ఎనిమిది. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు దిగి దీవుల చుట్టూ ఎర్రమట్టి పట్టీ తేలుతది. జనవరిల తీసిన పాటకు మే నెలల ప్యాచ్‌వర్క్ (మిగిలిపోయిన షాట్లు) తీస్తే అతకదు. నీటిమట్టం పడ్డ ఫోటోలు కూడ నెలనెలా తీసి పెట్టుండ్రి, డైరెక్టర్లు దాచిపెట్టేటోన్ని నమ్మరు. మేడారం జాతర ఏడాది మాఘ పౌర్ణమికి అటు పది రోజులు, ఇటు పది రోజులు బుకింగ్ పెట్టుకోవద్దు. రోడ్డు, గదులు, పోలీసులు ఏదీ దొరకదు.

ఎవలను పిలవాలె అన్నది అసలు సంగతి. పెద్ద సినిమా పాట అంటే డాన్సర్లు, లైట్లోళ్లు, క్యారవాన్లు కలిపి వంద మంది. మీ ఎనిమిది గదులల్ల, గదికి ముగ్గురిని పండబెట్టినా 24 మందే. కరీంనగర్, వరంగల్, సిరిసిల్ల దిక్కు జానపద పాటల యూనిట్లు అంతే ఉంటయి, ఇరవై మంది అటూ ఇటు. ఒకటి రెండు రోజుల్ల పాట ముగిస్తరు. పైసలు తక్కువే ఇస్తరు గాని, వాళ్లే మళ్ల మళ్ల వస్తరు. హైదరాబాద్‌ల ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు ముందు వాళ్లకు సరిపోయేటట్టు చేయుండ్రి. పొద్దున 4 గంటలకు మేకప్ గదికి కరెంటు, వేడినీళ్లు ఉండాలె. 6:30కు లొకేషన్‌ల టిఫిన్, 11కు చాయ్, 1:30కు భోజనం. మీ మహిళా సంఘం ఈ గడియారం పట్టుకుంటే అదే మీ ప్రచారం.

మరొక మాట. దీన్ని "తెలంగాణ మాల్దీవులు" అని అమ్మొద్దు. ఆ ఆశతో వచ్చిన కెమెరామెన్ సముద్రం రంగు అడుగుతడు. ఇది చెరువు, నీళ్లు ఆకుపచ్చ, వెనక టేకు, మద్ది చెట్లు. మీకు పోటీ అనుకునే అండమాన్‌కు పోవాలంటే మనిషికో విమానం టికెట్, సామానుకు అదనపు ఛార్జీ. అక్కడ కూడా గడియారం మనదే కాబట్టి డిసెంబర్‌ల అయిదింటికే పొద్దు కుంకుతది. మీకున్న బలం హైదరాబాద్ నుంచి యూనిట్ బస్సు నేరుగ వచ్చి ఆగుడు. అది చెప్పుండ్రి.

బుస్సాపూర్ తొవ్వ

మస్తు సంగతులు చెప్పిండ్రు అన్నా. జనరేటర్ అంటే యాదికొచ్చింది: దీవి మీదికి ఎక్కించాలంటే పంటు చేయించాల్నా? రెండు పడవలు కట్టి పలకలు పరుస్తమని మా పోరగాళ్లు అంటున్నరు.

సగం వెలుగు

పడవల మీద జనరేటర్ వద్దే వద్దు. 15 కేవీఏ సైలెంట్ జనరేటర్ కూడా అర టన్ను పైమాటే, బరువంతా పైన ఉంటది. ఒడ్డు కాడ దింపేటప్పుడే పడవ ఒక దిక్కు ఒరుగుతది.

జానపద పాటకు లోడ్ ఎంత అయితదో లెక్క చూడు: 1200 వాట్ల ఎల్ఈడీలు రెండు, 600 వాట్లవి మూడు, మానిటర్లు, చార్జర్లు, ప్లేబ్యాక్ స్పీకర్లు కలిపితే అయిదు కిలోవాట్ల లోపే. 15 కేవీఏ అంటే 12 కిలోవాట్లు, మిగులుతది. జనరేటర్‌ను ఒడ్డు మీద పెట్టి కేబుల్ గుంజుతరు. ఇక్కడే తప్పు చేస్తరు. వంతెన పొడుగు 160 మీటర్ల దాక ఉంటది, పోను రాను వైరు 320 మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసి 20 ఆంపియర్లు గుంజితే 20 వోల్టులు దారిలనే పోతయి. 230 పంపితే 210 చేరుతది, జనరేటర్ కొంచెం కుంగితే లైటు మినుకు మినుకు అంటది. అదే 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే ఏడెనిమిది వోల్టులే పోతయి. వంతెనకు కేబుల్ కట్టాలంటే మాత్రం వంతెన ఎవరిదో వాళ్ల ఇంజినీర్ ఒప్పుకోవాలె, జనం కాళ్లకు తగలకుండ బయటి దిక్కు కట్టాలె. ఒప్పుకోకపోతే 2 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పవర్ స్టేషన్లు రెండు మూడు కొనుండ్రి. ఒక్కొక్కటి 600 వాట్ల లైటును సుమారు మూడు గంటలు నడుపుతది. పగటి పాటకు అదే చాలు, చప్పుడు కూడా ఉండదు. వీటిని యూనిట్లకు కిరాయికి ఇయ్యొచ్చు.

కాటేజీ సాకెట్లను నమ్ముకోవద్దు. 16 ఆంపియర్ల సాకెట్ల నుంచి 3.6 కిలోవాట్లు కాగితం మీద వస్తది. అదే లైన్ మీద పక్క గదిల గీజర్ వేస్తే ట్రిప్ అయితది. అది కూడ షాట్ నడుస్తుండంగనే.

నీళ్ల పక్కన కరెంటు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే కరెంటు కట్ చేసే స్విచ్) లేకుండ ఒక్క లైటు కూడ పెట్టనియ్యొద్దు. అది పెట్టినా, జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే అది ఉన్నా లేనట్టే. షాక్ కొట్టినా ట్రిప్ కాదు. ఎర్త్ రాడ్ తడి మట్టిల దించాలె, రాళ్ల సందుల గుచ్చితే లాభం లేదు. టెస్ట్ బటన్ నొక్కి చూసుడుతోటి సరిపెట్టకుండ్రి. ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను యూనిట్ ఉన్నన్ని రోజులు పెట్టుండ్రి.

ఇగ వంతెన. అందరు కోరుకునేది అదే, అన్నింటికంటే పరేషాన్ చేసేది కూడా అదే. వేలాడే వంతెన మీద ఇరవై మంది డాన్సర్లు ఒకే తాళానికి అడుగులు వేస్తే ఊగుడు అడుగడుగుకు పెరుగుతది. సైనికులు వంతెన మీద కవాతు అడుగు తప్పించి నడిచేది అందుకే. గ్రూప్ స్టెప్పులు ఒడ్డు మీద తీయాలె, వంతెన మీద ఇద్దరు ముగ్గురిని నడిపించి, కెమెరా కట్ట మీద పెట్టి లాంగ్ లెన్స్ వేయాలె. ట్రైపాడ్ వంతెన మీద పెడితే మనిషి నడిచినప్పుడల్ల ఫ్రేమ్ ఎగురుతది. జిమ్‌బల్ (కెమెరా కుదుపు ఆపే పరికరం) కూడ పూర్తిగ కాపాడదు.

బోట్ల సంగతి మీ పోరగాళ్లకు చెప్పుండ్రి. పది మందికి రాసి ఉన్న బోటుల కెమెరా, లైటు, బ్యాటరీలు కలిపి 80 కిలోలు పెడితే మనుషులను ఒకరిద్దరిని తగ్గించాలె. షాట్‌ల ఆర్టిస్టుకు లైఫ్ జాకెట్ ఉండదు కాబట్టి ఫ్రేమ్‌కు బయట, చేయి చాస్తే అందేటంత దూరంల ఈతగాడు ఉండాలె. సేఫ్టీ బోటు వేరే ఉండాలె, దాంట్ల సామాను పెట్టొద్దు. మోటారు బోటు లేపిన అల రెండు నిమిషాలు నిలువది, "వన్ మోర్" అన్నప్పుడల్ల ఆ రెండు నిమిషాలు కలుస్తయి. కెమెరా బోటును తెడ్డుతోటి నడిపే మనిషి మీ దగ్గర ఉంటే వాని రోజు కూలీ రెండింతలు ఇయ్యొచ్చు.

12 అడుగుల స్కిమ్మర్ ఫ్రేమ్ (వెలుగును మెత్తగ చేసే గుడ్డ చట్రం) చెరువు గాలికి తెరచాప లెక్క గుంజుతది. నాలుగు మూలల తాళ్లు, కాళ్ల మీద ఇసుక సంచులు. ఇసుక సంచులు కుట్టించి ఇరవై పెట్టుకోండ్రి, చిన్న యూనిట్లు వాటిని ఎప్పుడూ తేవు. ఆఖరుకు, వానాకాలం ఏసీ గదిల నుంచి తీసిన లెన్స్ మీద బయట ఆవిరి పడతది. బ్యాగు తెరవకుండ అర్ధగంట వరండల పెట్టాలె. ఏసీ లేని గది ఒకటి "కెమెరా గది" అని విడిగా ఇస్తే కెమెరా డిపార్ట్‌మెంట్ మీకు దండం పెడతది.

కీచురాయి

శబ్దం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే స్టూడియో కట్టాలన్న ఆలోచన ఆపాల్సింది ఇక్కడే.

ముందు షూటింగ్‌లో ప్లేబ్యాక్, అంటే ఆర్టిస్టు పెదవులు కలపడానికి పాట వినిపించడం. నీళ్ల మీద పాట వినిపించాలని ఒడ్డున పెద్ద స్పీకర్ పెడతారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బోటు 100 మీటర్ల దూరంలో ఉంటే పాట ఆర్టిస్టుకు దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది, 25 ఫ్రేముల లెక్కన ఏడు ఫ్రేములకు పైనే. ఎడిటింగ్‌లో ఒక షాట్ జరిపితే సరిపోతుంది కదా అంటారు, కానీ బోటు కదులుతుంటే ఆ తేడా కూడా మారుతుంటుంది. చిన్న బ్యాటరీ స్పీకర్‌ను బోటులోనే, ఆర్టిస్టు కాళ్ల దగ్గర దాచాలి. దానికి పాటను ఒడ్డు నుంచి బ్లూటూత్‌లో పంపొద్దు. అందులో సొంత ఆలస్యం ఉంది, నీళ్ల మీద మధ్యలో తెగిపోతుంది కూడా. మెమరీ కార్డు పెట్టి అక్కడే ప్లే చేయించాలి. స్లో మోషన్‌లో పెదవులు కలవాలంటే 50 ఫ్రేముల్లో తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. ఆ స్పీడ్ ట్రాక్ ముందే చేసి తెచ్చుకోమని యూనిట్‌కు రెక్కీ రోజే గుర్తుచేయండి. లొకేషన్‌లో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడి డౌన్‌లోడ్ చేద్దామంటే గంట పోతుంది.

ఇక స్టూడియో. కరీబియన్‌లో మాంట్‌సెరాట్ అని చిన్న దీవి ఉంది. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ 1979లో అక్కడ ఎయిర్ స్టూడియోస్ తెరిచాడు. ది పోలీస్, డైర్ స్ట్రెయిట్స్ లాంటి రాక్ సంగీత బృందాలు వారాల తరబడి అక్కడే ఉండి ఆల్బమ్‌లు చేశాయి. దీవి అందం ఒక్కటే అయితే వచ్చేవాళ్లు కాదు. లండన్‌లో ఉన్న స్థాయి కన్సోల్ (రికార్డింగ్ మిక్సర్ బల్ల), ఇంజినీర్, వంటమనిషి, ఈత కొలను అన్నీ ఒక్క ఆవరణలో దొరికేవి, ఫోన్ చేసి సతాయించేవాళ్లు ఉండేవాళ్లు కాదు. 1989లో హ్యూగో తుఫాను దాన్ని దెబ్బతీసింది, మళ్లీ తెరవలేదు. 1995లో మొదలైన అగ్నిపర్వతం దీవి దక్షిణ సగాన్నే ఖాళీ చేయించింది. పదేళ్ల వైభవం ఒక్క భవనం మీద నిలబడింది. కోటి రూపాయల కన్సోల్ కొనే శక్తి ఉన్నవాళ్లకే అది చెల్లింది. ఈ రోజు పాట కట్టేవాడు ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తనే తెచ్చుకుంటాడు. అతనికి మీ దగ్గర కావాల్సింది నిశ్శబ్దంగా ఉండే గది, ఆగని కరెంటు, మూడు పూటల తిండి. అది మీరు ఇవ్వగలరు.

గది విషయానికి వస్తే, రేకుల కప్పు గది అయితే వదిలేయండి. వాన పడితే ఏ ఫాల్స్ సీలింగూ ఆపదు. స్లాబ్ గదే ఎంచండి. 14 బై 12 అడుగులు, ఎత్తు 10 అనుకుందాం. ఆ కొలతలకు 40, 47, 56 హెర్ట్‌జ్ దగ్గర గది మోగుతుంది. డోలు, డప్పు అడుగు శబ్దం పక్కనే ఉంటుంది కాబట్టి మూలల్లో బుంగ మోత వస్తుంది. చదరపు గది అయితే ఇంకా ఘోరం. గోడలకు గుడ్డు ట్రేలు అతికించే పద్ధతి వద్దు, అవి దాదాపు ఏమీ పీల్చవు. బొంతలు వేలాడదీస్తే గొంతు రికార్డింగ్‌కు బాగానే పనికొస్తాయి, పై స్వరాల ప్రతిధ్వనిని తాగుతాయి, కింది మోతను ముట్టవు. దానికి క్యూబిక్ మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వుల్ (రాతి నూలు) తెచ్చి, 4 బై 2 అడుగుల చెక్క ఫ్రేముల్లో 4 అంగుళాల మందం నింపి, గుడ్డ చుట్టి, గోడకు 4 అంగుళాల ఖాళీ వదిలి బిగించండి. అలాంటివి పన్నెండు, అందులో సగం మూలల్లో నిలువుగా. రాక్‌వుల్ పట్టేటప్పుడు మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి.

తలుపు దగ్గరే సగం శబ్దం లోపలికి వస్తుంది. బోలు ఫ్లష్ డోర్ తీసేసి గట్టి చెక్క తలుపు, చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, కింద సందు మూసే రబ్బరు పట్టీ. కిటికీని ఇటుకతో మూసేస్తే గాలి ఉండదు కాబట్టి స్ప్లిట్ ఏసీ పెట్టి, టేక్ అప్పుడు ఆపేయాలి. ఆన్‌లైన్ రకం (కరెంటు పోయినా క్షణం కూడా ఆగని) యూపీఎస్ 1 కేవీఏది చాలు. అది ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లకు మాత్రమే.

మీ దగ్గరికి వచ్చే ఇబ్బంది డప్పు. తోలు వాయిద్యం, చెరువు గాలికి తేమ పట్టి సాగుతుంది. మంచు పడే పొద్దున అయితే పావుగంటకే మోత చచ్చిపోతుంది. కళాకారులు గడ్డి మంట వేసి కాచుకుంటారు. అడవి అంచున, అందులో ఎండాకాలం, మంట పెడితే అటవీ శాఖ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. లాడ్జి వాకిట్లో ఇనుప కుంపటి పెట్టండి, పక్కన ఇసుక బకెట్. లొకేషన్‌కు 2000 వాట్ల కాయిల్ పొయ్యి పంపండి. అడుగు దూరంలో పట్టుకొని తిప్పుతూ వేడి చేయాలి, ఒకేచోట ఆపితే తోలు పగులుతుంది. ఆ పొయ్యిని రికార్డింగ్ లైన్ మీద పెట్టొద్దు. రెండు డప్పులు ఉంటే ఒకటి వాయిస్తుంటే ఒకటి కాగుతుంది, టేకులు ఆగవు. మైక్‌ను అడుగున్నర దూరంలో, పుల్ల తగిలే చోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెట్టాలి. కండెన్సర్ మైక్ అయితే ప్యాడ్ (శబ్దాన్ని తగ్గించే స్విచ్) వేయాలి. వీడియోకు కాబట్టి 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్. పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచితే డప్పు గట్టిగా లేచినా రికార్డింగ్‌లో శబ్దం పగలదు.

వానాకాలం రాత్రిళ్లు కప్పలు, కీచురాళ్లు. బయట గొంతు రికార్డు చేయాలని ఎవరైనా సరదా పడితే పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య చేయమనండి.

ఓచర్ బుక్

రాయితీల ప్రశ్న ఎవరూ ముట్టలేదు కాబట్టి నేను చెప్తాను. మారిషస్ అర్హత ఉన్న ఖర్చు మీద 30 శాతం, పెద్ద సినిమాలు, సిరీస్‌లకు 40 శాతం వరకు వాపసు ఇచ్చే పథకం పెట్టింది. హవాయిలో ఒవాహూ దీవిలో తీస్తే 22 శాతం, పక్క దీవుల్లో తీస్తే 27 శాతం టాక్స్ క్రెడిట్ (పన్ను రాయితీ), కనీసం లక్ష డాలర్ల ఖర్చు ఉండాలి. ఆ అయిదు శాతం తేడా ఎందుకో గమనించండి. రాజధాని ఉన్న దీవిలోనే అందరూ ఆగిపోకుండా దూరపు దీవికి నడిపించడానికి. హైదరాబాద్‌కు, ములుగుకు మధ్య అలాంటి తేడా రాష్ట్రం పెట్టాలని మీ ఎమ్మెల్యేను అడగడంలో తప్పులేదు.

అయితే ఇవేవీ చేతికిచ్చే డబ్బు కాదు. ముందు దరఖాస్తు, ముందస్తు ఆమోదం, స్థానికంగా రిజిస్టరైన కంపెనీ ద్వారా బిల్లులు, చివర్లో ఆడిట్, ఆ తర్వాత ఎప్పుడో చెల్లింపు. బిల్లు లేని ఖర్చు లెక్కలోకి రాదు. మన దేశంలో విదేశీ చిత్రాలకు కేంద్రం గరిష్ఠంగా 40 శాతం, 30 కోట్ల పరిమితితో ఇస్తుంది, జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) కింద ఉన్న ఇండియా సినీ హబ్ చూస్తుంది. అది జానపద పాటకు సంబంధం లేని లెక్క. మీరు మీ స్థాయిలో చేయగలిగింది రాత్రులకు రాయితీ: మంగళ, బుధ, గురు వారాల్లో రెండు రాత్రులు ఉంటే మూడో రాత్రి గదులు ఉచితం. పగటి కిరాయి తగ్గించొద్దు, తగ్గిస్తే పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకే లాభం.

పైన కాల్షీట్ గారు చెప్పని ప్రమాదం ఒకటి ఉంది. యూనిట్‌ను తరిమేది వానలు కాదు, చేతులు చాచే మనుషులు. పార్కింగ్‌కు ఒకరు, గుడి చందాకు ఒకరు, "మా పొలం గట్టు మీద కెమెరా పెట్టారు" అని ఒకరు. ప్రతి ఒక్కటీ చిన్న మొత్తమే, కానీ ప్రొడక్షన్ మేనేజర్‌కు దానికి ఓచర్ ఉండదు. గ్రామంతో కూర్చొని ఒక్క రేటు, ఒక్క రసీదు అనుకోండి. అందులో నుంచి ఊరి వాటా, గట్టు వాళ్ల వాటా మీరే పంచండి.

లాడ్జి, హాలు, క్యాటరింగ్ అన్నీ ఒకే పేరు మీద పెడితే ఏడాది రాబడి 20 లక్షలు దాటినప్పుడు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. దాటకముందు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. జీఎస్టీ ఉన్న పెద్ద యూనిట్లు మాత్రం క్రెడిట్ (కట్టిన పన్నును తమ పన్నులో తగ్గించుకోవడం) కోసం పన్ను బిల్లే అడుగుతాయి, అది ధర చెప్పేటప్పుడే తేల్చుకోండి.

అగ్రిమెంట్ రెండు పేజీలు చాలు. తేదీలు, గంటలు, గంట దాటితే అదనం, వాపసు ఇచ్చే డిపాజిట్. వాన వల్ల రద్దయితే అడ్వాన్స్ మింగేయకుండా అదే సీజన్‌లో మరో తేదీకి మార్చండి, పాటల యూనిట్లు దీనికే మొదటి ఓటు వేస్తాయి. వెళ్లేటప్పుడు థర్మాకోల్ ముక్కలు, నీళ్ల బాటిళ్లు, రంగు పొడి, గ్లిట్టర్ ఏరి సంచుల్లో చూపిస్తేనే డిపాజిట్ వాపసు. గ్లిట్టర్ నీళ్లలో పడితే తీయలేం కాబట్టి దాన్ని ముందే నిషేధించండి. థాయిలాండ్‌లోని మాయా బేలో 1999లో ఒక హాలీవుడ్ సినిమా కోసం ఇసుక దిబ్బలు చదును చేశారు, కొబ్బరి చెట్లు నాటారు. కేసులు ఏళ్ల తరబడి నడిచాయి. సినిమా చూసి వచ్చిన జనం వల్ల పగడాలు చచ్చి 2018లో తీరాన్నే మూశారు, 2022లో గానీ తెరవలేదు.

హన్మకొండ కాల్షీట్

ఓచర్ బుక్ గారు చెప్పిన ఒక్క రసీదు మాటకు నూటికి నూరు మార్కులు. వాన తేదీ మార్చుడు కూడా సరే. మూడో రాత్రి ఉచితం మీద మాత్రం నాకు వేరే అభిప్రాయం. పాట రెండు రోజుల్ల అయిపోతే మూడో రాత్రి ఎవలకు కావాలె? దాని బదులు ముందు రోజు సాయంత్రం దిగే గదులు ఉచితం అనుండ్రి. పొద్దున 6 గంటల మంచు షాట్ కావాలనుకునేటోడు ముందు రాత్రే దిగాలె, వరంగల్ నుంచి అర్ధరాత్రి బయలుదేరి నిద్రలేని ఆర్టిస్టులతో ఆ షాట్ రాదు. ఆ ఒక్క రాత్రి అలవాటు అయితే రెండోది వాళ్లే అడుగుతరు. ఇంకొకటి, పూర్తి ఉచితంగ ఎవలకీ ఇయ్యకుండ్రి, "ప్రమోషన్ చేస్తం" అన్నా సరే. ఉచితంగ వచ్చినోడు డిపాజిట్ కూడ కట్టడు.

ఓచర్ బుక్

ఒప్పుకుంటున్నాను, ముందు రాత్రే నయం. బిల్లులో మాత్రం దాన్ని సున్నా అని వదిలేయకుండా అసలు ధర రాసి, కింద తగ్గింపు చూపించండి. రేపు ధర పెంచినప్పుడు గొడవ ఉండదు.

బుస్సాపూర్ తొవ్వ

అందరికీ శరణు. హాలు పక్క గది స్లాబుదే, కొలిస్తే 13 బై 13 వచ్చింది. ఎత్తు 10. చదరం ఘోరం అన్నరు కదా, వదిలేయాల్నా?

కీచురాయి

వదిలేయక్కర్లేదు. ఒక గోడ వెంబడి రెండున్నర అడుగుల లోతులో అల్మారా లాంటి అర కట్టి, ముందు వైపు గుడ్డ వేసి, లోపల రాక్‌వుల్ పూర్తిగా నింపండి. పాడే చోటు పదిన్నర బై 13 అవుతుంది, ఆ నిండు గోడే కింది మోతను తాగుతుంది. కట్టకముందు ఒక పని చేయండి. రాత్రి ఎనిమిదింటికి, ఫంక్షన్ హాలులో పెళ్లి ఉన్న రోజు, ఆ గది తలుపు వేసి ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. డీజే బేస్ గోడలోంచి వస్తుంటే ఎన్ని ప్యానెళ్లు పెట్టినా ఆగదు, పెళ్లి బుకింగ్ ఉన్న రోజు రికార్డింగ్ తీసుకోమని బోర్డు మీద రాయాల్సిందే.